టెక్ సందేహాలు: జపాన్ కచేరీ బ్లూ-రే మన ప్లేయర్‌లో ఎందుకు ప్లే కాదు?

ప్రశ్న: నాకు జపాన్ పాప్ పాటలంటే ప్రాణం. అభిమాన గాయని టోక్యోలోని బుడోకాన్‌లో ఇచ్చిన కచేరీ బ్లూ-రేను, సీడీతో కలిపి అమ్మే ప్రత్యేక ప్యాక్‌లో జపాన్ నుంచి తెప్పించుకున్నాను. సీడీ చక్కగా వినిపిస్తోంది. బ్లూ-రే పెడితే మాత్రం ప్రాంతం సరిపోలేదన్న సందేశం వస్తోంది. డిస్క్ పాడైందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: డిస్క్‌లో లోపమేమీ లేదు. ఒక్కో దేశంలో ఒక్కో సమయంలో, ఒక్కో ధరకు అమ్ముకునే వీలుండాలని బ్లూ-రే ప్రమాణంలో ప్రపంచాన్ని ఏ, బి, సి అనే మూడు ప్రాంతాలుగా విభజించారు. జపాన్, అమెరికా ‘ఏ’లో ఉంటే మన దేశం, చైనా, రష్యా ‘సి’లో ఉన్నాయి. ఇక్కడ కొన్న ప్లేయర్ ‘ఏ’ డిస్కును తిరస్కరించడం అందుకే. సీడీలకు ఈ విభజన లేదు. డీవీడీలకు ఉంది: జపాన్‌ది 2, మనది 5.

అన్ని జపాన్ డిస్కులకూ ఈ తాళం ఉండదు. పెట్టె వెనుక చిన్న గుర్తులో ‘ఏ’ ఒక్కటే ఉందా, మూడు అక్షరాలూ ఉన్నాయా అన్నది కొనే ముందే అమ్మకందారు పెట్టిన ఫొటోలో చూసుకోండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న డిస్కుకు సులువైన దారి కంప్యూటరే. యూఎస్‌బీ బ్లూ-రే డ్రైవ్‌తోపాటు, బ్లూ-రే ప్లే చేసే లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్ కూడా కొనాలి, ఎందుకంటే విండోస్‌లో ఆ సదుపాయం ఉండదు. అందులో ప్రాంతాన్ని ‘ఏ’కు మార్చుకోవచ్చు గానీ, సాధారణంగా కొన్నిసార్లు మాత్రమే మార్చనిస్తారు కాబట్టి ఒకసారి మార్చాక అలాగే వదిలేయండి. జపాన్ నుంచి ప్లేయరే తెప్పించుకోవాలనుకుంటే మాత్రం దాని వెనుక అంటించిన చీటీ చదవండి. అక్కడి కరెంటు 100 వోల్టులు, మనది 230. చీటీపై ‘100–240’ అని లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెట్టకండి, కాలిపోతుంది.

ఇంత శ్రమ అవసరమా అంటే, కచేరీ విషయంలో తప్పకుండా అవసరమనే చెబుతాను. చీకటి హాల్లో వేలమంది అభిమానులు పాట లయకు తగినట్టు రంగు రంగుల పెన్‌లైట్లు ఊపుతుంటే, ఆ కదలికనంతా పట్టుకోవడానికి చాలా డేటా కావాలి. ఆన్‌లైన్ వీడియోలో అది తగినంత దొరకక వెలుగులు చతురస్రాలుగా ముక్కలవుతాయి. బ్లూ-రేలో శబ్దం కాక వీడియోకే సెకనుకు 40 మెగాబిట్ల వరకు చోటుంది. శబ్దమూ అంతే: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోను ఏమాత్రం కుదించకుండా ఇస్తే సెకనుకు 2,304 కిలోబిట్లు అవుతుంది. పాట మధ్యలో ప్రేక్షకులు ఒక్క గొంతుతో ఇచ్చే కేకలు వాయిద్యాల నుంచి విడిగా, స్పష్టంగా వినిపించడంలో ఈ తేడా తెలుస్తుంది. మంచి హెడ్‌ఫోన్లను వైరుతోనే కలపండి, బ్లూటూత్‌లో శబ్దం మళ్లీ కుదించబడుతుంది.

ప్రత్యక్ష ప్రసారం టికెట్ కొనాలనుకుంటే, అది విదేశాలకు వర్తిస్తుందో లేదో డబ్బు కట్టక ముందే చూడండి. జపాన్ సమయం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడ సాయంత్రం 6 గంటల కచేరీ మనకు మధ్యాహ్నం 2.30కే మొదలవుతుంది. ఆ వేళకు మీకు తరగతులో, ఉద్యోగమో ఉంటే తర్వాత కొన్ని రోజులపాటు చూసే వీలున్న టికెట్టునే ఎంచుకోండి.