టీచరుకు చెప్పారు సరే, కాగితం ఏది?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. ఆరు నెలలుగా ముగ్గురు పిల్లలు ఏడిపిస్తున్నారు, టిఫిన్ బాక్సు పారబోస్తున్నారు. పది రోజుల కిందట మెట్ల మీద తోసేస్తే మణికట్టు వాచింది. పొద్దున లేస్తే కడుపునొప్పి అంటాడు, స్కూలంటే వణుకు. క్లాస్ టీచరుకు నాలుగుసార్లు చెప్పాం, లాభం లేదు. ఆ పిల్లల మీద కేసు పెట్టొచ్చా?

జవాబు: మీ కేసును తేల్చేది ఆ పిల్లలు కాదు. స్కూలుకు ఏ తేదీన తెలిసింది, తెలిశాక ఏం చేసింది అన్నదే. పిల్లల మీద ఇలాంటి ఫిర్యాదుకు ఎఫ్ఐఆర్ కట్టరు. పోలీసులు స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుని, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు నివేదిస్తారు. తెలిసీ కావాలని పట్టించుకోని పెద్దలకైతే బాలల న్యాయ చట్టం, 2015లో సెక్షన్ 75 ఉంది. మూడేళ్ల దాకా శిక్ష. తెలుసని రుజువు చేయాల్సింది మీరే. నాలుగుసార్లూ నోటిమాటే చెప్పారు. ‘నాకెవరూ చెప్పలేదు’ అని టీచరు అంటే ఏం చూపిస్తారు? ఫీజు రసీదులు దాచుకుంటారు, బిడ్డ ఫిర్యాదుకు ఒక్క కాగితం రాయలేకపోయారా?

ఈరోజే ప్రిన్సిపాల్‌కు లేఖ ఇచ్చి, రెండో ప్రతి మీద సీలు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ‘తరచూ వేధిస్తున్నారు’ అని రాస్తే పనికిరాదు. ఏ రోజు, ఏ బెల్లులో, ఏ కుళాయి దగ్గర బాక్సు లాక్కున్నారు, పక్కన ఎవరున్నారు, అలా రాయండి. మెట్ల దగ్గరి సీసీ కెమెరా రికార్డింగు దాచిపెట్టమని తేదీ, టైముతో అడగండి. డిస్కు నిండితే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది, చాలా చోట్ల 15 నుంచి 30 రోజుల్లోనే. మీకు పది రోజులు పోయాయి.

అబ్బాయిని రుయా ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. డాక్టరు అడిగితే చాలామంది మొహమాటపడి ‘జారి పడ్డాడు’ అంటారు. ఓపీ చీటీలో ఆ మాట పడిందంటే కేసు అక్కడే సగం పోయినట్టు. ఎలా జరిగిందో అబ్బాయినే చెప్పనివ్వండి. కడుపునొప్పి, భయం సంగతి మానసిక వైద్యుల దగ్గరా నమోదు కావాలి. బడి మానిన తేదీలు ఆ చీటీలతో సరిపోలితే గట్టి సాక్ష్యం. గాయపరిచినందుకు ఫిర్యాదైతే కాలపరిమితి ఏడాది, సెక్షన్ 75కి మూడేళ్లు.

ఆ పిల్లల ఫోటోలు, పేర్లు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు. విచారణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే అదే చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అప్పుడు ముద్దాయి మీరే అవుతారు.

వారంలో కదలిక లేకపోతే అవే కాగితాలతో తిరుపతి జిల్లా విద్యాశాఖాధికారికి, బాలల సంక్షేమ కమిటీకి ఫిర్యాదు చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కీ ఫోన్ చేయొచ్చు. లేఖలో ‘తగిన చర్య తీసుకోండి’ అని వదిలేయకండి. లంచ్ బెల్లులో మెట్ల దగ్గర ఒక టీచరు నిలబడాలని, క్లాసు సెక్షన్ మారిస్తే ఆ ముగ్గురినే మార్చాలని, మీ అబ్బాయిని కాదని రాయండి.