ఇంజిన్ బ్లాక్ సంగతి తర్వాత, ముందు ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 60,000 చేతికి వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప, షుగర్ ఉన్న నాన్నగారు నా మీదే ఆధారం. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 41,000. ఎఫ్‌డీలో 90,000 ఉంది. నా పాత హోండా సిటీ వీటెక్‌ను డ్రాగ్ రేసింగ్‌కు (తిన్నని దారిలో కొద్ది దూరం పెట్టే వేగం పోటీ) తయారు చేయాలని ఎప్పటి నుంచో కోరిక. దాని ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లు ఉండే ప్రధాన దిమ్మ) అరిగిపోయింది. ఆటోనగర్‌లో అదే మోడల్ పాత బ్లాక్, బోరింగ్‌తో (సిలిండర్ల లోపలి గోడలు చెక్కి సరిచేయడం) కలిపి 45,000 చెబుతున్నారు. స్లీవ్‌లు (సిలిండర్లలో బిగించే గట్టి గొట్టాలు) వేసిన 2 లీటర్ల హోండా కే20 ఇంజిన్ బ్లాక్ విదేశం నుంచి తెప్పిస్తే 3.2 లక్షలు. ఎఫ్‌డీ తీసేసి, మిగతాదానికీ పై ఖర్చులకూ తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తీసుకుందామనుకుంటున్నా. చీటీ కూడా ఉంది, పాడేయవచ్చు. ఏ బ్లాక్ తీసుకుంటే డబ్బు దండగ కాదు?

జవాబు: ఆటోనగర్ బ్లాక్. అదీ ఇప్పుడు కాదు. ఏడాది ఆగి, చేతిలో డబ్బుతో.

కార్ల మోజు లేనివాళ్లు కూడా చదవాలనే మీ ఉత్తరం తీసుకున్నాను. ఇంటికి ఇంటీరియర్ చేయించేవాళ్లూ, షాపు పెట్టేవాళ్లూ ఇదే తప్పు చేస్తారు. కొటేషన్‌లో కనిపించిన అంకే మొత్తం ఖర్చు అనుకుంటారు. దానికోసం ఉన్న ఒక్క ఎఫ్‌డీ తీసేస్తారు. చాలనిదానికి అప్పు చేస్తారు.

మీ 3.2 లక్షలనే చూడండి. అది ఉత్త బ్లాక్ ధర. క్రాంక్, రాడ్లు, పిస్టన్లు, హెడ్ (బ్లాక్ పైన బిగించే భాగం) అన్నీ వేరేగా కొనాలి. పైగా మీ హోండా సిటీలో ఉన్న ఇంజిన్ ఒక వైపు తిరిగితే కే20 దానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. కాబట్టి మీ గేర్‌బాక్స్ పనికిరాదు. ఇంజిన్ మౌంట్లు, యాక్సిల్స్, వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అన్నీ మారాలి. ఆ లెక్క మీ ఉత్తరంలో లేదు. మీకు బ్లాక్ అమ్మేవాళ్లు ఎందుకు చెబుతారు?

పాత బ్లాక్‌కూ ఒక పరిమితి ఉంది. అది అల్యూమినియంది, ఓపెన్ డెక్. అంటే సిలిండర్ల పైభాగం చుట్టూ పట్టు ఉండదు. టర్బో పెట్టి బూస్ట్ (ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) పెంచితే సిలిండర్లు కదిలి హెడ్ గాస్కెట్ (బ్లాక్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోతుంది. టర్బో ఆలోచన లేకపోతే, డ్రాగ్ రేసు దూరం 402 మీటర్లు పరుగెత్తడం నేర్చుకోవడానికి అది చాలు. కొనేటప్పుడు బోర్ గేజ్‌తో నాలుగు సిలిండర్లనూ పైన, మధ్యలో, కింద కొలిపించి అంకెలు కాగితం మీద రాయించుకోండి. డెక్ (బ్లాక్ పైతలం) వంగిందేమో, దాని మీద స్కేల్ నిలబెట్టి సందులో ఫీలర్ గేజ్ (పల్చటి కొలత రేకు) దూర్చి చూడమనండి. ఇంజిన్ నంబర్ బ్లాక్ మీదే ఉంటుంది కాబట్టి బిల్లు లేకుండా ముట్టుకోవద్దు. దొంగబండి బ్లాక్ అయితే పోలీసులు మీ గుమ్మం ఎక్కుతారు. ఆ కారును రోడ్డెక్కించాలంటే కొత్త నంబర్ ఆర్‌సీలో ఎక్కించాల్సిందే.

ఇక డబ్బు. రెండు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. అది ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలనెలా 6,000, ఏడాదికి 72,000 కేవలం వడ్డీ. అసలు అలాగే నిలబడి ఉంటుంది. ప్రామిసరీ నోటు మీద సంతకం, పక్కన ఖాళీ చెక్కులు. రేసు ఇంజిన్ అంటే ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. ఒక్క రాడ్ తెగి బ్లాక్‌కు చిల్లు పడిందంటే అది ఇనుప సామాన్ల కొట్టుకే. వడ్డీ మాత్రం ఆగదు. ఇలాంటి అప్పు చేస్తానని ఎవరైనా అడిగితే నాకు ఓపిక ఉండదు, క్షమించండి.

అసలు టెన్షన్ పడాల్సింది మీ 90,000 గురించి. మీ ఇంటి ఖర్చుకు అది రెండు నెలలకు కాస్త ఎక్కువ, అంతే. రేపు ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా దాంతోపాటే పోతుంది. నాన్నగారిని అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, క్యాష్‌లెస్ ఉన్నా కౌంటర్‌లో ముందు అడ్వాన్స్ కట్టమంటారు. ఆ డబ్బు గ్యారేజీలో బోల్టులు విప్పిన ఇంజిన్ రూపంలో ఉంటే ఎవరిని అడుగుతారు? మళ్లీ ఆ రెండు రూపాయల ఆయన్నే. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 2,46,000 పక్కన ఉండాలి. 1,56,000 తక్కువ పడింది.

మీ దగ్గర నెలకు 19,000 మిగులుతోంది. 12,000కు ఆర్‌డీ తెరవండి. పదమూడు నెలల్లో ఆ లోటు తీరుతుంది, వడ్డీ అదనం. ఎఫ్‌డీ, ఆర్‌డీ రెండూ భార్యాభర్తల పేర్ల మీద, ఇద్దరూ సంతకం పెడితేనే తీసేలా పెట్టుకోండి. రేసు ముందు రోజు రాత్రి పుట్టే తెలివితేటల నుంచి అదే కాపాడుతుంది. 3,000 బీమా ప్రీమియాలకు. మిగిలిన 4,000 కారు ఖాతాలో వేయండి. ఏడాదికి 48,000. మీ బ్లాక్ వచ్చేసింది, ఎవరికీ రూపాయి బాకీ లేకుండా.

బీమా విషయంలో ఒక మాట. మీ కారు పాలసీ తీసి చూడండి, ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించదని రాసి ఉంటుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో గోడను గుద్దినా పైసా రాదు. వ్యక్తిగత ప్రమాద బీమాలో రేసింగ్ మినహాయింపు ఉందేమో చూసుకోండి. టర్మ్ పాలసీ దరఖాస్తులో రేసింగ్ సంగతి దాచవద్దు. దాస్తే క్లెయిమ్ వేళ ఇబ్బంది పడేది మీరు కాదు, మీ భార్య. బైపాస్ మీద అర్ధరాత్రి ప్రాక్టీస్ చేద్దామనుకుంటే, మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారే మూడు నెలల జైలు దాకా ఉంది.

చీటీ పాడొద్దు, చివరిదాకా ఉంచండి. పీఎఫ్ ముట్టుకోవద్దు. బంగారం మీద బ్యాంకులో తీసుకుంటే వడ్డీ తక్కువే, అయినా ఇంజిన్ కోసం వద్దు.

ఈలోపు ఆ కే20 అమ్మేవాళ్లను గేర్‌బాక్స్, ఈసీయూ, వైరింగ్, ఫిట్టింగ్, కస్టమ్స్ అన్నీ కలిపి రాతపూర్వకంగా కొటేషన్ అడగండి.