ఈ కొద్దిపాటి జీవితంలో లోక చింతల కంటే విశ్వాసానికి మొదటి స్థానం ఇవ్వడం ఎలా?

ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు ఇవన్నీ మోస్తూ దేవునికి మొదటి స్థానం ఇవ్వడం నిజంగా సాధ్యమేనా అని మీరు అడిగారు. నాకు ఈ ప్రశ్న ఎదురైనది ఒక ఆస్తి తగాదాలో.

నాన్నగారు పోయిన తరువాత ఇంటి పంపకం దగ్గర అన్నయ్యకూ నాకూ పట్టింపులు వచ్చి, నాలుగేళ్లు మాటలు లేకుండా గడిచాయి. ఆ కాలమంతా నేను ఒక్క ఆదివారమైనా ఆరాధన మానలేదు, సంపాదనలో పదో వంతు దేవునికిచ్చే దశమభాగం ఆపలేదు, కాబట్టి నా విశ్వాసానికి లోటేమీ లేదనే అనుకున్నాను. అయితే ప్రార్థనకు మోకరించిన ప్రతిసారీ మనసు స్థలం కొలతల మీదికీ, వకీలుకు చెప్పవలసిన మాటల మీదికీ పోయేది.

ఒక ఆదివారం లూకా సువార్త 12వ అధ్యాయం చదివే వంతు నాకు వచ్చింది. అందులోని ధనవంతుని ఉపమానం చిన్ననాటి నుంచి విన్నదే గాని, పిత్రార్జితంలో తనకు పాలు ఇమ్మని తన సహోదరునితో చెప్పమంటూ ఒకడు అడిగినప్పుడు, యేసు ఆ పంపకంలో తీర్పరిగా ఉండనని చెప్పి వినిపించిన కథ అది అన్న సంగతి అంతకు ముందు నేను గమనించనే లేదు. ఆ ధనవంతుడు దొంగ కాడు, ఎవరినీ మోసగించినట్టు కూడా వ్రాసి లేదు. పంట బాగా పండింది, కొట్లు చాలలేదు, పెద్దవి కట్టించాలనుకున్నాడు, అంతే. అతని నోట వరుసగా నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి అని వచ్చి, చివరకు నా ప్రాణం అన్న మాట కూడా వస్తుంది. దేవుడు ఆ రాత్రి అడిగినది ఆ చివరిదాన్నే. చదువుతూ చదువుతూ నా గొంతు తడబడింది. అప్పటికి నాకు 51 ఏళ్లు. మనిషి ఆయుష్షు డెబ్బై, బలముంటే ఎనభై అని 90వ కీర్తన చెప్పే లెక్కలో నాలుగేళ్లను నేను ఒక గోడ కోసం ఖర్చు పెట్టాను.

ఆ వారమే అన్నయ్య ఇంటికి వెళ్లి, ఆయన అడిగినట్టే సంతకం చేశాను. నష్టం వచ్చిన మాట నిజం, ఇంట్లో కొన్నాళ్లు నిష్ఠూరాలు కూడా పడ్డాను.

ఇందువల్ల సంపాదన మానుకోవాలని నేను అనడం లేదు. అపొస్తలుడైన పౌలు కూడా కొరింథు పట్టణంలో డేరాలు కుట్టి బ్రతికాడు. తన ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసి కన్న చెడ్డవాడన్న మాట ఉన్నదీ తన శిష్యుడు తిమోతికి ఆయన వ్రాసిన లేఖలోనే. మొదట దేవుని రాజ్యాన్ని వెదకమని యేసు అన్నారంటే తరువాత వెదకవలసినవి ఉన్నాయనే కదా. రెండూ సాఫీగా సాగుతున్నంత కాలం ఏది మొదటిదో మనకే తెలియదు. ఒకటి వదులుకోక తప్పని రోజున ఏది వదిలామో చూసుకుంటే తెలుస్తుంది.

ఆ స్థలం విలువ ఇప్పుడు ఎంత అయి ఉంటుందో అని ఈనాటికీ అప్పుడప్పుడు మనసు లెక్క వేస్తుంది. ఆ లెక్క మొదలైన రోజున అన్నయ్యకు ఫోన్ చేస్తాను.