మా బావ కల్వర్టు దగ్గర సైకిల్ దిగేవాడు

ప్రశ్న: వేరే దేశంలోకి సైన్యాన్ని పంపితే సొంత దేశంలో ఉగ్రవాదం పెరుగుతుందా? సైన్యాన్ని వెనక్కి పిలిపిస్తే ఆగిపోతుందా?

మొదటిదానికి అవును. రెండోదానికి కాదు. ఈ ప్రశ్న రాగానే అందరూ ఇరాక్, అఫ్ఘానిస్తాన్, లండన్ రైళ్ళు అంటూ మొదలుపెడతారు. అంత దూరం ఎందుకు? శ్రీలంకకి మనమే పంపాం, మనమే అనుభవించాం.

1991 మే 21న నేను విశాఖపట్నంలో రాజీవ్ గాంధీ ఎన్నికల సభకి వెళ్ళాను. డిగ్రీ చదువుతున్న రోజులు. రాజకీయాల మీద ఆసక్తేమీ లేదు, స్నేహితులు లాక్కెళ్ళారు. అంత జనంలో నాకు కనబడిందల్లా తెల్ల లాల్చీ, ఊపుతున్న చెయ్యి. ఆయన అక్కణ్ణుంచే మద్రాసు బయల్దేరారు. విమానంలో ఏదో లోపం వచ్చి ఆలస్యమైందని తర్వాత పేపర్లో చదివాం. నేను రాత్రికి అక్కావాళ్ళ ఊరు చేరి పడుకున్నాను.

తెల్లారకముందే బావ లేపాడు. చేతిలో ట్రాన్సిస్టర్. "లేరా, రాజీవ్ గాంధీని చంపేశారు" అన్నాడు. నిద్రమత్తులో "నిన్ననే చూశాను కదా" అన్నాను. నాకిప్పటికీ సిగ్గేసే జవాబది.

బావ సైన్యంలో హవల్దారు. 1987లో మన ప్రభుత్వం పంపిన శాంతి సైన్యంతో శ్రీలంక వెళ్ళి, 1990లో తిరిగొచ్చి, పెన్షన్ తీసుకుని ఇంటి దగ్గరే ఉంటున్నాడు. ఆ రోజు బస్సుల్లేవు. సైకిల్ మీద మా ఊళ్ళో దింపుతానన్నాడు. కిళ్ళీ కొట్టు దగ్గర జనం మూగి వాదించుకుంటున్నారు. ఖలిస్తాన్ వాళ్ళని ఒకరు, సీఐఏ అని ఒకరు. బావ మాత్రం "టైగర్లు" అన్నాడు, అంటే శ్రీలంకలో విడి తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్టీటీఈ వాళ్ళు. ఒక్కరూ ఒప్పుకోలేదు. "వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చిందే మనం, మనవాణ్ణెందుకు చంపుతారు?" అని ఒక పెద్దాయన గద్దించాడు. బావ మాట్లాడకుండా సైకిలెక్కాడు.

ఊరు దాటాక కాలవ మీద కల్వర్టు ఉంది. బావ బ్రేకు వేసి దిగి, గట్టు దిగి, తూములోకి వంగి చూశాడు. ఆయన వచ్చినప్పట్నుంచీ చూస్తున్న తంతే ఇది. పిల్లలు నవ్వేవాళ్ళు, అక్క వాళ్ళని కసిరేది. ఆ రోజు మాత్రం "ఎందుకు బావా ఇది?" అని అడిగేశాను.

"అక్కడ రోడ్డు కింద పెట్టేవాళ్ళురా. ముందు జీపు పోనిస్తారు. వెనకొచ్చే లారీని లేపేస్తారు" అన్నాడు. కాసేపాగి, "ఆగస్టులో దిగినప్పుడు దండలేశారు. కొబ్బరి బొండాలు కొట్టిచ్చారు. అక్టోబర్లో అదే వీధిలో మమ్మల్ని చూసి తలుపులేసుకున్నారు" అన్నాడు. మధ్యలో ఏం జరిగిందని అడిగితే సైకిలెక్కమన్నాడు.

ఏం జరిగిందో తర్వాత చదువుకున్నాను. 1983 తర్వాత శ్రీలంక తమిళ మిలిటెంట్లకి మన గూఢచారి సంస్థే శిక్షణ ఇచ్చింది. 1987 జూలై 29న అప్పటి మన ప్రధాని రాజీవ్, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. దాని ప్రకారం వాళ్ళ ఆయుధాలు దింపించాల్సింది మళ్ళీ మన సైన్యమే. అక్టోబర్లో పోరాటం మొదలైంది. ఆ నెల 21న శ్రీలంక ఉత్తరాన తమిళుల పట్టణం జాఫ్నాలో ఆసుపత్రిలోకి మన జవాన్లు వెళ్ళాక రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. ఎదురుకాల్పులని సైన్యం అంది, కావాలనే చంపారని ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు అన్నారు. ఒక ఊళ్ళో అలాంటిది జరిగాక "మేం శాంతి కోసమే వచ్చాం" అంటే ఎవరు వింటారు?

మనవైపు సుమారు 1,200 మంది పోయారు. మిగిలినవాళ్ళు తిరిగొస్తే అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం చెప్పడానికి కూడా రానన్నారు. బావకి ఆయన మీద కోపం లేదు, పంపినవాళ్ళ మీదే కోపం. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో దీనికి రెండు లైన్లుంటే గొప్ప. చనిపోయిన మన జవాన్లకి కొలంబో పక్కన శ్రీలంక వాళ్ళు స్మారకం కట్టారు, అదీ మన పరిస్థితి!

ఇక ఆ రోజు మధ్యాహ్నానికి, చంపిందెవరో తేలకముందే, రాష్ట్రంలో తెలుగుదేశం వాళ్ళ ఆస్తుల మీద పడ్డారు. మా ఊళ్ళో ఒక బట్టల కొట్టు తగలబెట్టారు. పాపం ఆ కొట్టాయన చేసిన నేరం మేడ మీద పసుపు జెండా కట్టడం. జాఫ్నా ఎక్కడ, ఈయనెక్కడ?

ఉగ్రవాదమంటే మతపిచ్చి తప్ప ఇంకేం కాదనేవాళ్ళకి నాదొకటే ప్రశ్న: టైగర్లది ఏ మతం కోసం పోరాటం? ఇరాక్ యుద్ధం తమ దేశంలో ఒక తరం యువకుల్లో కొందరిని తీవ్రవాదం వైపు నెట్టిందని 2010లో బ్రిటన్ విచారణ సంఘం ముందు చెప్పింది కూడా ఏ ఉద్యమకారిణో కాదు, బ్రిటన్ అంతర్గత గూఢచారి సంస్థ ఎంఐ5 మాజీ అధిపతి ఎలిజా మానింగ్‌హామ్-బుల్లర్. ఇంకో తమాషా ఏమిటంటే, రాజీవ్ హత్య టాడా చట్టం కింద ఉగ్రవాద చర్య కాదని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. హత్యానేరం కిందే శిక్షలు వేసింది. చట్టం లెక్క చట్టానిది. శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌తోపాటు పోయిన పోలీసులకి, కార్యకర్తలకి ఏ సెక్షనైతే ఏమిటి?

వెనక్కి పిలిపిస్తే ఆగిపోతుందా అన్నారు. మన ఆఖరి దళం ట్రింకోమలీ నుంచి ఓడెక్కింది 1990 మార్చి 24న. హత్య జరిగింది పద్నాలుగు నెలల తర్వాత. అప్పటికి రాజీవ్ ప్రధాని కూడా కాదు. కానీ మళ్ళీ గెలిచేలా ఉన్నారు, గెలిస్తే సైన్యం మళ్ళీ దిగుతుందని టైగర్ల భయం. ఒంటికి బాంబు కట్టుకున్న టైగర్ల అమ్మాయి ధను గంధపు దండ పట్టుకుని వరసలో నిలబడింది అందుకే. ఆ దండ సంగతి పేపర్లో వచ్చిన రోజు బావ రెండుసార్లు చదివి, పేపరు మడిచి అక్కకిచ్చి, పొలానికి వెళ్ళిపోయాడు.