ముందు టీ డబ్బా ఎక్కడుందో చూసుకోమ్మా

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక అమ్మాయి అడిగింది. సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ వెళ్లి ఎమ్మెస్సీలో చేరుతోంది. అక్కడ టీనేజీ పిల్లల కోసం నడిచే ఒక చారిటీలో వారానికో సాయంత్రం వాలంటీర్‌గా చేస్తానని ఇప్పటి నుంచే మాట్లాడి పెట్టుకుంది. "అంకుల్, అక్కడ మనతో పాటు పనిచేసేవాళ్లతో ఎలా కలవాలి? ఏం మాట్లాడాలి? నా యాస అర్థమవుతుందా? మూల కూర్చోవాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది" అంటోంది.

మంచి పనే పెట్టుకున్నావమ్మా. మన పిల్లలు చాలామంది అక్కడికెళ్లి మనవాళ్లతోనే గది పంచుకుని, మనవాళ్ల కొట్లోనే సరుకులు కొనుక్కుని, ఇంగ్లండ్‌ని బస్సు కిటికీలోంచి చూసి వచ్చేస్తారు. నేను 2014లో లీడ్స్ వెళ్లాను. ఇప్పుడు సెలవుకి వచ్చి చిత్తూరు కట్టమంచిలో మా ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను గానీ, అక్కడ ఒక యూత్ క్లబ్‌లో పదేళ్ల పైబడి చేస్తున్నాను. ఇప్పుడు కమిటీలో ఉన్నాను, చెక్కుల మీద రెండో సంతకం నాదే. కాబట్టి యూట్యూబ్‌లో చెప్పే కుర్రాళ్ల మాట కాస్త పక్కనపెట్టి నా మాట విను.

నీ ప్రశ్నల్లో ఎక్కడా డబ్బు ఊసు లేదు. నేను చెప్పబోయేదంతా డబ్బు గురించే. నవ్వుకో, పర్లేదు. నేను చూసినంతలో మనవాళ్లు అక్కడి జనానికి దూరమైపోయేది ఖర్చు భయంతోనే. యాస అడ్డం రావడం పెద్దగా చూడలేదు.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతాది నువ్వే చూసుకోగలవు. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఆపై చదువులకి టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల పని పరిమితి ఉంటుంది. ఊరికే సేవగా చేసే వాలంటీరింగ్ ఆ లెక్కలోకి రాదు. జీతం లేకపోయినా ఉద్యోగంలాంటి ఒప్పందం మీద చేసేది మాత్రం వస్తుంది. నీది ఏ కోవలోకి వస్తుందో యూనివర్సిటీ వాళ్లనే అడుగు. పిల్లలతో పని కాబట్టి డీబీఎస్ చెక్, అంటే మన మీద పాత కేసులేమైనా ఉన్నాయేమోనని చూసే తనిఖీ, చేయిస్తారు, వాలంటీర్లకు దాని ఫీజు ఉండదు. అందులో మన దేశపు పోలీసు రికార్డు రాదు కాబట్టి కొన్ని సంస్థలు ఇక్కడి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. కావాలో వద్దో మెయిల్ పెట్టి కనుక్కో. కావాలంటే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఆ పని ముగించుకునే విమానం ఎక్కు.

ఇక అసలు విషయం. అలాంటి క్లబ్ ఏదైనా సరే, అందులో ఒక చిన్న వంటగది ఉంటుంది. కెటిల్, టీ బ్యాగులు, పాలు, బిస్కెట్లు. పిల్లలు రాకముందు పనిచేసేవాళ్లంతా అక్కడ నిలబడి టీ తాగుతారు. నువ్వు అడిగిన పరిచయాలన్నీ మొదలయ్యేది ఆ పది నిమిషాల్లోనే. కొత్తలో నేను, ఆఫీసులో టీ ఫ్రీ కదా ఇక్కడా ఫ్రీయేలే అని, వెళ్లినప్పుడల్లా రెండేసి కప్పులు లాగించేవాణ్ని. బిస్కెట్ల సంగతి చెప్పక్కర్లేదు. కెటిల్ వెనకాల, మూతకు గాటు పెట్టిన పాత రేకు డబ్బా ఒకటి ఉండేది. దాని మీద అంటించిన కాగితంలో 'నెలకు మనిషికి 2 పౌండ్లు' అని రాసి ఉంది. నేను చదివితే కదా! నన్ను ఒక్కరు అడిగితే ఒట్టు. ఒకనాడు టీ బ్యాగుల ప్యాకెట్ కొనుక్కొచ్చిన ఆవిడ "ఈ నెల డబ్బాలో కాస్త తక్కువే పడినట్టుంది" అని గోడవైపు చూస్తూ అంది. అదే మన చిత్తూర్లో అయితే "ఏమప్పా, నువ్వు డబ్బులెయ్యవా" అని మొహం మీదే అడిగేసి, నవ్వి, ఇంకో కప్పు పోసేవాళ్లు. అక్కడ గోడకి చెప్తారు, గోడ మనకి చెప్పాలి. కాబట్టి నువ్వు మొదటి రోజే డబ్బా ఎక్కడుందో అడుగు. అలా అడిగిన కొత్తవాళ్లని వాళ్లు మర్చిపోరు.

పని అయ్యాక జరిగేది ఇంకో తంతు. రాత్రి క్లబ్ మూశాక నలుగురైదుగురు కలిసి దగ్గర్లో పబ్‌కి వెళ్తారు. నన్నూ పిలిచేవాళ్లు. నేను బస్సు వెళ్లిపోతుందని చెప్పి పరుగే పరుగు. నిజానికి తర్వాత ఇంకో రెండు బస్సులుండేవి. అప్పట్లో పౌండు వంద రూపాయల దగ్గర ఉంది. చెల్లెలి పెళ్లి అప్పు నెత్తిమీద ఉంది. అక్కడ ఆరుగురికి తలా ఒక గ్లాసు అంటే రెండు వేలు దాటుతుంది. ఆ డబ్బుతో ఇక్కడ మా అమ్మ నెల కూరగాయలు నడిపేది. ఈ లెక్క బుర్రలో తిరుగుతుంటే పబ్‌లోకి కాలు ఎలా పడుతుంది? ఇలా తప్పించుకుంటూ ఉంటే పిలవడం మానేశారు. వాళ్ల తప్పేం లేదు, ఈయనకి మనం నచ్చలేదు కాబోలు అనుకున్నారు.

చివరికి ఒకసారి వెళ్లాను. మాలో ఒకాయన "ఏం తీసుకుంటావు" అని అడిగి, కౌంటర్ దగ్గరికి వెళ్లి, అందరికీ తెచ్చాడు. నాకు ఆరెంజ్ జ్యూస్. నేను దాని ఖరీదు ఎంతో బోర్డు మీద చూసి, చిల్లరతో సహా సరిగ్గా లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. ఆ నాణేలు బల్ల మీద పెట్టాడు. మేము లేచేదాకా అవి అక్కడే, గ్లాసుల తడిలో, ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోయాయి. నేనే మళ్లీ తీసి జేబులో వేసుకోవాల్సి వచ్చింది.

దానికి పరిహారంగా ఇంకోసారి ఏం చేశానంటే, అందరం ఒక ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్లినప్పుడు బిల్లు రాగానే లాక్కుని నేనే కట్టేశాను. మన తిరుపతిలో హోటల్ కౌంటర్ దగ్గర ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకుని "నేనిస్తా, నేనిస్తా" అని కొట్టుకోవడం నువ్వు చూసే ఉంటావు. అదే గొప్ప మర్యాద అనుకున్నా. వాళ్ల మొహాలు ఎర్రబడ్డాయి. తర్వాతి వారం క్లబ్‌కి వెళ్తే ఒక కవరు నా చేతిలో పెట్టారు. అందులో ఎవరి వాటా వాళ్లది, పెన్నీలతో సహా. నాకు అప్పుడు కోపం వచ్చింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు చేసిందే సబబు. వాళ్లలో ఒకరిద్దరి సంపాదన నాకన్నా చాలా తక్కువ.

పద్ధతి ఇది. పబ్‌లో చివర్లో బిల్లు రాదు, ఎవరు తెస్తే వాళ్లు కౌంటర్ దగ్గరే కట్టేస్తారు. ఒక్కొక్కరు ఒక్కో రౌండ్ తెస్తారు, అంటే తన వంతు వచ్చినప్పుడు అందరికీ తలా ఒక గ్లాసు. నీ వంతు రౌండ్ తేకుండా వెళ్లిపోతే మాత్రం పేరు పోతుంది. తొందరగా వెళ్లాలనుకుంటే మొదటి రౌండ్ నువ్వే తెచ్చెయ్. లేదా వెళ్లగానే "నేను ఒకటి తాగి వెళ్లిపోతాను, నాది నేనే తెచ్చుకుంటాను" అని చెప్పు. అలా ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. చదువుకునే పిల్లవి అని వాళ్లకీ తెలుసు. మందు తాగాలనీ ఏం లేదు. నేను ఇన్నేళ్లుగా లెమనేడ్ తోనే నెట్టుకొస్తున్నాను.

ఇంకొకటి. ఎవరైనా మానేసి వెళ్తున్నా, ఎవరికైనా బిడ్డ పుట్టినా, ఒక కార్డు, దాంతో పాటు ఒక కవరు చేతులు మారుతూ వస్తాయి. మన పెళ్లి చదివింపులే అనుకో. కాకపోతే పుస్తకంలో పేరు రాయరు, మైకులో చదవరు. రెండు పౌండ్లు వేసి కార్డులో నాలుగు ముక్కలు రాస్తే చాలు. అలాగే ఎవరో ఒకరు పది కిలోమీటర్లు పరుగెత్తుతున్నాం, స్పాన్సర్ చెయ్యమంటారు. ఆయన పరుగెత్తితే నేను డబ్బివ్వడమేంటని నేను మొదట్లో నవ్వాను. ఆ డబ్బు ఆయనకి కాదు, చారిటీకి వెళ్తుంది. ఫారంలో గిఫ్ట్ ఎయిడ్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు అందులో టిక్ పెడితే ప్రతి పౌండుకీ ఇంకో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి చారిటీకి చేరతాయి. నువ్వు ట్యాక్స్ కట్టకపోతే టిక్ పెట్టకు. తేడా నీ దగ్గర వసూలు చేసే హక్కు అక్కడి ట్యాక్స్ వాళ్లకుంది.

జీతాలు మాత్రం అడగొద్దు. అక్కడ కొందరు మనలాగే ఊరికే చేస్తారు, కొందరు గంటల లెక్కన జీతం తీసుకునే యూత్ వర్కర్లు. ఎవరు ఏమిటో మొహం చూస్తే తెలీదు. నేను ఒకావిడని "మీకు గంటకెంతిస్తారు" అని అడిగాను. మనకది కుశల ప్రశ్న. ఆవిడ కప్పు కడగడానికి వెళ్లిపోయింది.

నాకు నిజంగా స్నేహం దొరికింది టక్ షాప్ దగ్గర. పిల్లలకు చాక్లెట్లు, చిప్స్, జ్యూస్ అమ్మే చిన్న బల్ల అది. మూశాక గల్లాపెట్టెలో చిల్లర ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ పనికి ఎవరూ ముందుకు రారు, ఇంటికెళ్లే టైం కదా. నేను వచ్చాను. మా నాన్న చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా చేశాడు, చిల్లర లెక్కపెట్టడం నాకు చిన్నప్పుడే వచ్చు. నాతో కూర్చునేది రిటైరైన ఒక బస్సు డ్రైవర్. అక్కడ బ్యాంకు ఇచ్చే ప్లాస్టిక్ సంచీలకు లెక్క ఉంటుంది. పౌండు నాణేలైతే సంచీకి 20 పౌండ్లు, 50 పెన్నీలు, 20 పెన్నీలైతే 10 పౌండ్లు, 10, 5 పెన్నీలైతే 5 పౌండ్లు, రాగి రంగు చిల్లర అయితే 1 పౌండు. ఆయన నాణేలను దొంతరగా పేర్చి లెక్కపెట్టేవాడు. నేను మా నాన్నలాగా రెండు వేళ్లతో ఐదేసి చొప్పున బల్ల అంచు మీదుగా అరచేతిలోకి లాగేవాణ్ని. ఆయన పేర్చడం ఆపి "ఇంకోసారి చెయ్యి" అన్నాడు.

టీ దగ్గర వాతావరణం తప్ప ఇంకో మాట ఎత్తని ఆ మనిషి, ఆ నాణేల ముందు మాత్రం తన కూతురి సంగతి, మోకాలి ఆపరేషన్ సంగతి, తను నడిపిన రూట్ల సంగతి అన్నీ చెప్పేవాడు. నాకు మొదటిసారి మంచు మీద నడవడం నేర్పింది ఆయనే. ఇల్లు మారినప్పుడు వ్యాన్ తెచ్చిందీ ఆయనే, పెట్రోల్ డబ్బులు మాత్రం అణా పైసలతో తీసుకున్నాడు. అందుకే చెప్తున్నా, ఎవరూ ముట్టుకోని పని తీసుకో. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం, టేబుల్ టెన్నిస్ బల్ల మడవడం, కప్పులు కడగడం. దానికి పైసా ఖర్చు లేదు కూడా.

పిల్లల విషయంలో డబ్బుతో జాగ్రత్త. ఒకడికి చాక్లెట్‌కి 20 పెన్నీలు తగ్గితే జాలిపడి నా జేబులోంచి వేశాను. ఆ రాత్రి క్లబ్ నడిపే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, ఇలా ఒక్కడికి విడిగా ఇవ్వడం ఇక్కడ కుదరదని చెప్పింది. పెద్దవాళ్లు పిల్లలకు డబ్బులు, కానుకలు ఇచ్చి మచ్చిక చేసుకునే ప్రమాదం ఉంటుందని వాళ్ల భయం. నాకు చాలా బాధేసింది, నన్ను అనుమానించారేమోనని. అది అందరికీ ఒకే రూలు. అలాగే పిల్లలకు నీ ఫోన్ నంబర్ ఇవ్వొద్దు, ఇన్‌స్టాలో కలుపుకోవద్దు. తోటి వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో ఉండొచ్చు.

దారి ఖర్చులు ఇస్తామంటే వద్దనకు. మనవాళ్లకి ఈ విషయంలో రోషం ఎక్కువ. సేవకి వచ్చి డబ్బులడగడమేంటని నేను కూడా చాన్నాళ్లు టికెట్లు చింపేశాను. మాతో పాటు చేసే, కారున్న ఒక డాక్టరు గారు మాత్రం పెట్రోల్ ఖర్చు దర్జాగా రాసిచ్చేవాడు! ఇప్పుడు ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో సింగిల్ టికెట్ 3 పౌండ్లకు మించదు. అయినా రానుపోను కలిస్తే నెలకు తేలిగ్గా పాతిక పౌండ్ల దగ్గరికి చేరుతుంది. టికెట్ చూపించి అయినంతే తీసుకో. లెక్కాపత్రం లేకుండా నెలకింత అని ఇస్తే తీసుకోకు, అది జీతం కిందికి వచ్చి వీసాకి చుట్టుకోవచ్చు.

యాస సంగతి అడిగావు. నిదానంగా మాట్లాడు, అర్థమవుతుంది. లీడ్స్ వాళ్ల మాట నాకు అర్థం కావడానికే ఎక్కువ రోజులు పట్టింది. చలి బట్టల గురించి కూడా ఏదో అడిగావు, అక్కడ చారిటీ షాపుల్లో సెకండ్ హ్యాండ్ కోట్లు చౌకగా దొరుకుతాయి, ఇక్కడ కొనకు.

నెలకు 20 పౌండ్లు విడిగా ఒక కవర్లో పెట్టుకో. టీ డబ్బాకి, కార్డులకి, ఒక సాయంత్రం బయటికి వెళ్లడానికి. నీ అద్దె, తిండి లెక్కలో దీన్ని కలపకు, కలిపావంటే నాలాగే బస్సు వంక పెట్టి పారిపోతావు. మిగిలితే వచ్చే నెలకి ఉంచు. ఇంటికి పంపకు, మీ నాన్న ఏమీ అనుకోడు.

చివర్లో లడ్డూలు తీసుకెళ్తానని రాశావు. పాలు, నెయ్యి సరుకుల మీద అక్కడి కస్టమ్స్ నిబంధనలు గట్టిగా ఉంటాయి, వెళ్లే ముందు చూసుకో. ఒకవేళ తీసుకెళ్లినా పిల్లలుండే గదిలోకి మాత్రం తేవద్దు. నేను మా అమ్మ చేసిన నిప్పట్లు డబ్బా నిండా తీసుకెళ్లి టక్ షాప్ బల్ల మీదే పెట్టాను, అందులో వేరుశనగ పప్పు ఉందని చెప్పకుండా. క్లబ్‌లో ఒక పిల్లకి వేరుశనగ పడదు. తెలిసిన మరుక్షణం ఆ బల్ల, చుట్టుపక్కల కుర్చీలు అన్నీ తుడిచారు. మిగిలిన నిప్పట్లు మేము పెద్దవాళ్లం ఆ రాత్రి కారు పార్కింగ్‌లో నిలబడి తిన్నాం. లడ్డూలో జీడిపప్పు ఉంటుంది కాబట్టి డబ్బా మీద ఏమేమి ఉన్నాయో ఇంగ్లీషులో రాసి అంటించు, క్లబ్ నడిపేవాళ్లని ముందే అడుగు. నిప్పట్లు కావాలంటే చెప్పు, ఈ వారం మా ఇంట్లో చేస్తున్నారు, తిరుపతి వచ్చే వాళ్లెవరైనా ఉంటే పంపిస్తాను.