గ్యారంటీ ఎవరు ఎవరికిచ్చారు?

బిడ్డా,

నిజాం రైల్వే తొలినాళ్ల మీద పుస్తకం రాస్తావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాజీపేట బుకింగ్ కిటికీలో తల నెరిసినవాణ్ని, నాకు ఒక్క మాట ముందు చెప్పొద్దా? ఆ కోపం రాత్రి దాకా ఉంది. పొద్దున పక్కింటాయనకు నేనే గొప్పగా చెప్పుకున్నా.

పాత కాగితాలు తీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. తేదీలు రెండు చోట్ల సరిచూసుకో.

అసలు సంగతి వేరే ఉంది. 1974లో వాడి-సికింద్రాబాద్ లైనుకు నూరేళ్లు నిండాయి. నేను కొత్తగా చేరినవాణ్ని, పైగా రాత పిచ్చి. మేం నలుగురం కలిసి వేసిన చిన్న సంచికలో, 1874లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ తొలి బండి నడిపిందని రాసేశా. నాలుగో రోజు ఒక రిటైరైన గుమాస్తా కిటికీ దగ్గరికొచ్చి, టికెట్ అడగకుండా, "గ్యారంటీ ఎవరు ఎవరికిచ్చారు బాబూ?" అన్నాడు. ఫ్యాను కొంటే ఇస్తారే, అలాంటిదే అనుకున్నా అన్నాళ్లూ. నోరు పెగల్లేదు.

వెనక వరుస పెరుగుతుంటే ఆయనే చెప్పాడు. 1874 నాటికి ఆ కంపెనీ పుట్టనే లేదు. అది నిజాం సర్కారు లైను. కంపెనీ 1883లో లండన్‌లో పుట్టి, 1885లో దాన్ని చేతికి తీసుకుంది. బండికి లాభం వచ్చినా రాకున్నా, పెట్టుబడి పెట్టినవాళ్లకు 20 ఏళ్లు నూటికి 5 వడ్డీ నిజాం ఖజానా కట్టాలి. అదీ గ్యారంటీ. ఖజానా అంటే ఎవరు, శిస్తు కట్టే రైతే కదా! ఈ లైనును చాందా (ఇప్పటి చంద్రపూర్) దాకా పొడిగించే ఒప్పందం సంగతులు బయటపెట్టమని 1883లో అడిగినందుకే సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టారు.

అయితే 1889కి బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి, డోర్నకల్ మీదుగా సింగరేణి బొగ్గు కదిలింది. అది కూడా పుస్తకంలో రాయి. 1930లో నిజాం సర్కారే రైల్వేను తిరిగి కొనుక్కుంది. ఎంత పోసి కొన్నదో నువ్వు తవ్వి తీయి.

వాడి స్టేషన్‌కు ఒక్కదానివే పోతావట. ఫోటోల కోసం పట్టాల మీదికి దిగావో, ఊరుకోను. వంతెనెక్కి దాటు, ఆలస్యమైనా సరే. నా కొలువులో చూసినవి నీకు రాయలేను. చేరగానే ఫోన్ చెయ్యి.

ఆ సంచిక ఒక్క ప్రతి బీరువాలో ఉంది. ఆయన ఎర్ర పెన్సిల్ గీత ఇంకా చెరగలేదు. పోస్టులో పంపను, వచ్చి తీసుకుపో. అమ్మమ్మ సకినాలు దాచింది.

మీ తాతయ్య