మూడు మెయిళ్ళు, ఒక్క ఫిర్యాదు

చి. అమ్మలుకి, మావయ్య దీవెనలు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో ఒక్క గుక్కలో చెప్పిన మూడు సంగతులూ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. మీ సావుకారు గారికి ఆయన అడ్రస్ నుంచే వచ్చిన బెదిరింపు మెయిల్ ఒకటి. ఆయన అకౌంట్‌లోకి చెన్నై నుంచి ఎవరో లాగిన్ అయ్యారన్న అలర్ట్ రెండోది. మీకు జీడిపిక్కలు అమ్మే విశాఖ పార్టీ, బ్యాంకు ఖాతా మార్చామని రాసిన మెయిల్ మూడోది. మూడూ హ్యాకింగే, పొద్దున్నే అన్నిటి మీదా గూగుల్‌కి కంప్లయింట్ పెట్టేస్తానన్నావు. కొంచెం ఆగు. నాకు అర్థమైనంతలో ఫిర్యాదుకి పనికొచ్చేది ఒక్కటే.

బెదిరింపు మెయిల్ సంగతి ముందు తేల్చేద్దాం. మెయిల్‌లో ‘ఫ్రమ్’ అన్న చోట ఎవరైనా ఏ అడ్రసైనా రాయొచ్చు. ఇన్లాండ్ లెటర్ వెనక మీ తాతయ్య పేరు నేను రాసి పోస్టులో వెయ్యలేనా? ఇదీ అంతే. జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ‘షో ఒరిజినల్’ చూడు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు ఉంటాయి, మెయిల్ నిజంగా ఆ అడ్రస్ వాళ్ళ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలవి. ముఖ్యంగా డీమార్క్ ఫెయిల్ అని ఉంటే ఆ మెయిల్ ఆయన అకౌంట్ నుంచి బయల్దేరలేదనే లెక్క. అలాంటప్పుడు గూగుల్‌కి చెప్పి ఏం లాభం? అది వాళ్ళ ఇంట్లోంచి పోయిన ఉత్తరమే కాదు. స్పామ్ అని నొక్కి వదిలెయ్యి. అందులో ఆయన పాత పాస్‌వర్డ్ రాసి ఉందన్నావు కదా, అది ఏ వెబ్‌సైట్ నుంచో ఎప్పుడో లీకైనది అయ్యుంటుంది. ఇంకా ఎక్కడైనా అదే వాడుతుంటే ఈరోజే మార్పించు.

ఒక మెలిక ఉంది. ఎస్‌పీఎఫ్ పాస్ అని కనిపించగానే నమ్మెయ్యకు, ఫెయిల్ అని కనిపించగానే కంగారు పడకు. దొంగ తన సొంత డొమైన్‌కి, అంటే అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరుకి, కూడా ఎస్‌పీఎఫ్ పెట్టుకోగలడు. పాస్ అయిన డొమైనూ, ‘ఫ్రమ్’లో కనిపించే డొమైనూ ఒకటేనా అన్నది చూడాలి. ఇక మంచి మెయిలే ఇంకో అకౌంట్‌కి ఫార్వర్డ్ అయి వస్తే ఎస్‌పీఎఫ్ ఫెయిల్ అవుతుంది, అది మామూలే.

చెన్నై లాగిన్ విషయంలో నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ గోతిలో నేను పడ్డాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చిన వారం. అప్పట్లో నేనొక కాలేజీ మెయిల్ చూసేవాణ్ణి. కరెంటు లేదు, కేబుల్ లైన్లు తెగిపోయాయి, లెక్చరర్లంతా ఫోన్ డేటా మీద, డాంగుల్ మీద పడ్డారు. నా స్క్రీన్ మీదేమో వరసగా చెన్నై, హైదరాబాద్ లాగిన్లు. ఎవరో దాడి చేస్తున్నారనుకుని ఒకే సాయంత్రం పదకొండు అకౌంట్లు లాక్ చేసి, మెయిల్ కంపెనీకి పెద్ద ఫిర్యాదు కూడా రాశాను. మొబైల్ నెట్‌వర్క్ మన ఊళ్ళో వాడినా ఇంటర్నెట్‌లోకి పెద్ద ఊరి నుంచే బయటపడుతుంది, అలర్ట్‌లో ఆ ఊరి పేరే పడుతుంది. ఈ సంగతి మర్నాడు ప్రిన్సిపాల్ గారు నా టేబుల్ ముందు నిలబడ్డప్పుడు గానీ తట్టలేదు. అందుకని ముందు సావుకారు గారినే అడుగు, ఆ టైముకి ఫోన్‌లో మెయిల్ చూశారా అని. జీమెయిల్ కంప్యూటర్‌లో తెరిస్తే అడుగున ‘డీటెయిల్స్’ అని చిన్న లింకు ఉంటుంది. అందులో ఏ పరికరం, ఏ టైము అన్నది కనిపిస్తుంది. ఆయన ఫోనే అయితే ఆ గొడవ అక్కడితో సరి.

ఇక మూడోది. ఇది నాకు నిజంగానే తేడాగా ఉంది.

నువ్వు చదివి వినిపించిన దాన్నిబట్టి ఆ మెయిల్ పోయిన నెల బిల్లు కిందే జవాబుగా వచ్చింది. బస్తాల లెక్క సరిగ్గా ఉంది, 80 కేజీల బస్తా రేటూ సరిగ్గా ఉంది. బయటివాడికి ఇవి తెలియవు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పార్టీ డొమైన్ మీదే పాస్ అయ్యాయన్నావు. అంటే ఉత్తరం వాళ్ళింట్లోంచే బయల్దేరింది, రాసినవాడు మాత్రం వాళ్ళవాడు కాకపోవచ్చు. ‘రిప్లై టు’లో అడ్రస్ చూశావా? నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలో పేరు మధ్యలో ఒక అక్షరం ఎక్కువున్నట్టు కనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. నువ్వు జవాబిస్తే అది పార్టీకి కాదు, ఆ దొంగ డొమైన్‌కి పోతుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, ‘మీ అకౌంట్ హ్యాక్ అయింది’ అని ఆ అడ్రస్‌కే మెయిల్ కొట్టడం. లోపల కూర్చున్నవాడు దాన్ని చదివి చెరిపేస్తాడు. పాత బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యి, ఈ మెయిల్ కింద రాసిన నంబరుకి వద్దు. పాస్‌వర్డ్ మార్చుకుని, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చెయ్యమను. ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, రికవరీ ఫోన్ నంబరు కూడా చూసుకోమను. మీ మెయిళ్ళు వాళ్ళకి కనపడకుండా ఏ మూల ఫోల్డర్‌లోకో తోసే రూల్ ఒకటి దొంగ పెట్టి ఉండొచ్చు. అది తియ్యకుండా పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే సగం పనే.

తర్వాత ఫిర్యాదు. ఇది రెండు చోట్లకి వెళ్ళాలి. వాళ్ళ డొమైన్‌కి మెయిల్ నడిపే కంపెనీ ఒకటి, ఆ నకిలీ డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ ఇంకొకటి. హూయిజ్‌లో, అంటే డొమైన్ వివరాలు వెతికే చోట, డొమైన్ పేరు కొడితే రిజిస్ట్రార్ అబ్యూస్ అడ్రస్, అంటే ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే అడ్రస్, కనిపిస్తుంది. మెయిల్ కంపెనీలకైతే ‘అబ్యూస్’ అన్న పేరుతో ఒక పెట్టె ఉండాలని 1997 నుంచీ ఒక ప్రమాణం ఉంది. గూగుల్ లాంటి పెద్దవాళ్ళు వెబ్ ఫారమ్ పెడతారు. నకిలీ డొమైన్ మీద ఫిర్యాదుకి మొహమాటం అక్కర్లేదు, అది పూర్తిగా దొంగదే. పార్టీ అకౌంట్ గురించి రాసేటప్పుడు మాత్రం మాట జాగ్రత్త. ‘ఈ అడ్రస్ మోసగాడిది’ అని రాశావో, పాపం వాళ్ళ అకౌంటే మూసేస్తారు. ‘ఈ అకౌంట్ యజమాని మాకు తెలిసినవారే, వేరేవాళ్ళు వాడుతున్నట్టుంది’ అని రాయి. చూసింది రాయి, ఊహించింది ‘అనుకుంటున్నాం’ అని రాయి.

ఫోటోలు పంపకు, ఎవరికీ పనికిరావు. మామూలుగా ఫార్వర్డ్ చేసినా హెడర్, అంటే మెయిల్ ఏ దారిన వచ్చిందో రాసి ఉండే భాగం, పోతుంది. ఒరిజినల్ డౌన్‌లోడ్ చేసి ఆ ఫైల్‌నే జత చెయ్యి. టైము రాసేటప్పుడు హెడర్‌లో ఉన్నది ఉన్నట్టే రాయి. గూగుల్ సర్వర్లు వేసే టైము పక్కన మైనస్ 0700 అని చూసి మెయిల్ అమెరికాలోంచి వచ్చిందనుకునేరు. అది వాళ్ళ గడియారం, మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అలాగే ‘రిసీవ్డ్’ వరసల్లో పైనున్నవి, అంటే మీ మెయిల్ సర్వర్ వేసినవి, నమ్మదగినవి. కింద వాటిని దొంగ కూడా రాసి ఉండొచ్చు.

జవాబు చాలాసార్లు యంత్రం నుంచే వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. రోజూ అదే ఫిర్యాదు మళ్ళీ పంపకు.

డబ్బు ఇంకా వెయ్యలేదు కదా? నిన్న అడగడం మర్చిపోయాను. వేసేసి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చెయ్యి. వెయ్యకపోతే విశాఖకి ఫోన్ చేసి, ఆ మూడో మెయిల్ నాకు ఫైల్‌గా పంపు. ఫోటోలో ఆ ఎక్కువ అక్షరం ‘ఐ’ అన్నదో ‘ఎల్’ అన్నదో నాకింకా తేలడం లేదు.

మీ మావయ్య
విజయనగరం